యాంటీబయాటిక్ వాడుతున్న కుక్కకు విరేచనాలు: పెరుగన్నం చాలా, ప్రోబయోటిక్ పొడి కావాలా?

చర్మవ్యాధికి యాంటీబయాటిక్ మొదలుపెట్టినప్పటి నుంచి మీ ల్యాబ్రడార్‌కు పలుచగా విరేచనమవుతోందని, పెరుగన్నం పెడితే తగ్గుతుందా, ప్రోబయోటిక్ (పేగులకు మేలు చేసే సూక్ష్మజీవులుండే) పొడి కొనాలా అని అడిగారు. పెరుగు మంచి ఆహారమే కానీ దీనికి మందు కాదు. నేనైతే డాక్టరును అడిగి పొడే ఇస్తాను.

మాది నాటు కుక్క, పేరు చిట్టి. చెవిలో చీము పట్టి యాంటీబయాటిక్ వాడినప్పుడు దానికీ ఇలాగే అయింది. మా పశువైద్యురాలు మందు రాసే ముందు మలం గురించే అడిగారు. రోజుకు ఎన్నిసార్లు? పైన జిగురు ఉందా? నెత్తురు చారలు కనిపించాయా? నమూనా పరీక్షించి, కొంకి పురుగుల గుడ్లు, జియార్డియా అనే పేగు పరాన్నజీవి లేవని తేలాకే సాకరోమైసిస్ బౌలార్డి పొడి ఇచ్చారు. అది ఈస్టు కాబట్టి బ్యాక్టీరియాను చంపే మందులు దాన్ని ఏమీ చేయవు. వేరే ప్రోబయోటిక్ పొడుల్లో ఉండే ఎంటరోకాకస్, లాక్టోబాసిల్లస్ వంటివి మాత్రం బ్యాక్టీరియా. వాటిని ఇవ్వాలంటే యాంటీబయాటిక్‌కూ వాటికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

పొడిని పొగలు కక్కే అన్నంలో కలిపితే అందులోని జీవులు చచ్చిపోతాయి. ముద్ద చేతికి చల్లగా తగిలాకే కలిపేదాన్ని. ఉడికించిన కోడిమాంసం కాస్త చిదిమి వేస్తే చిట్టి గిన్నె అడుగు దాకా నాకేది. మలం క్రమంగా గట్టిపడింది. అదంతా పొడి మహిమే అనను, ఎందుకంటే ఇలాంటి స్వల్ప విరేచనాలు చాలావరకు కొద్ది రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి.

ఇక పెరుగు. ఇంట్లో తోడుపెట్టిన పెరుగులో ఏ రకం బ్యాక్టీరియా ఎంత ఉందో తెలియదు, వాటిలో చాలా భాగం పొట్టలోని ఆమ్లాన్ని దాటలేవు. పాలలోని చక్కెర సరిగా అరగని కుక్కలకు పొట్ట ఉబ్బి విరేచనాలు ఇంకా పెరగవచ్చు. అరిగే కుక్కకు ఉప్పు లేని పెరుగు ఒకటి రెండు చెంచాలు పెట్టవచ్చు. పూటపూటకూ పెరుగన్నమే పెడితే మాత్రం మాంసకృత్తులు చాలవు, మన ఇళ్లలో ఎన్నో కుక్కలు అలాగే చిక్కిపోతున్నాయి. ఉల్లిపాయ వేసిన పెరుగుపచ్చడి అసలు వద్దు, ఉల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. మనుషుల ప్రోబయోటిక్ కొంటే జైలిటాల్ అనే తీపి పదార్థం ఉందేమో చూడండి, అది కుక్కలకు విషం.

దయచేసి మందుల దుకాణంలో అడిగి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వేయకండి. మేలు చేసే బ్యాక్టీరియాను అది ఇంకా దెబ్బతీస్తుంది, పేగులు కోలుకోవడానికి వారాలు పట్టవచ్చు. కుక్కల విరేచనాలపై 2024లో వచ్చిన యూరోపియన్ మార్గదర్శకాలు కూడా స్వల్ప విరేచనాలకు యాంటీబయాటిక్ వద్దనే చెబుతున్నాయి. ఇప్పుడు నడుస్తున్న కోర్సును మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఫోను చేసి చెబితే డాక్టరే మోతాదో మందో మారుస్తారు.

కుక్క హుషారుగా తింటూ, నీళ్లు తాగుతూ ఉంటే ఒకటి రెండు రోజులు చూడవచ్చు. నెత్తురు పడినా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్లు తడారి జిగటగా ఉన్నా, మెడ మీది చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు తాజా మలం శుభ్రమైన డబ్బాలో పట్టుకెళ్లండి, ఏం తేలిందో ఇక్కడ రాయండి.