కొర్ర ఒక్కడివే వేస్తే పిట్టలపాలే

తమ్ముడూ, అనంతపురం దగ్గర మీ ఊరంతా చెనిక్కాయే (వేరుశనగే) వేస్తుంటే నువ్వొక్కడివే కొర్ర ఎలా వేయాలని అడిగావు. ఊరి నవ్వులు సరే, అసలు టెన్షన్ పిట్టలతోనే. నేను ఒంటరిగా వేసిన ఏడు, తెల్లారి పోయి చూస్తే కంకుల్లో గింజ లేదు, గట్టు మీదంతా పొట్టే.

అందరూ చెనిక్కాయ వేస్తారు కాబట్టి వ్యాపారి దానికే వస్తాడు. వాడొస్తాడని మళ్లీ అందరూ అదే వేస్తారు. దీన్ని ఒక్కడు తెంపలేడు, నలుగురు తెంపగలరు. మరుసటేడు పక్క పొలాల ముగ్గురిని ఒప్పించాను. చిన్నప్పుడు కొర్ర బువ్వ తిన్న ముసలమ్మలే మా తరఫున మాట్లాడారు. ఒకే వారంలో విత్తాం, కంకులన్నీ ఒకేసారి వచ్చాయి, పిట్టలు ఒక్క పొలం మీదే పడలేదు. పిట్టలు తిన్నాక కూడా మాకు మిగిలింది.

పంట 80-90 రోజులే. విత్తనానికి నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం రకాలు అడుగు. అంతకంటే ముందు నీ గట్టు పక్కాయన్ని కలువు.