సెడాన్ మీద క్యారియర్: 45 డాలర్లకు దొరికేది ఎందుకు కొనకూడదు

మే నెలలో మీ అమ్మగారూ నాన్నగారూ వస్తున్నారనీ, ఏడాది పాపతో కలిపి అయిదుగురూ న్యూజెర్సీ నుంచి పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికీ, అక్కడి నుంచి నయాగరాకూ వెళ్ళాలనుకుంటున్నారనీ, మీ సెడాన్ డిక్కీ చాలదు గనుక 45 డాలర్లకు దొరుకుతున్న పట్టీల క్యారియర్ కొనవచ్చా అనీ రాశారు. కొనవద్దు. ఈ ఒక్క మాటతో ఆగిపోవచ్చు గానీ, 2003లో నాకు కూడా ఒక పెద్దాయన ఇదే మాట చెప్పారు, నేను వినలేదు. ఎందుకు వినలేదో, వినకపోవడం వల్ల నాకెంత ఖర్చయిందో వివరంగా చెబితే తప్ప మీరూ వినరని నాకు తెలుసు.

నేను ఈ దేశం వచ్చిన రెండో ఏడు అది. డాలరు 46 రూపాయలు ఉండేది, ప్రతి ధరనూ 46తో గుణించి చూసుకునే అలవాటు నాకు అప్పటికింకా పోలేదు. పైకప్పు మీద అడ్డంగా బిగించే క్రాస్ బార్లు, నా కారుకు సరిపోయే మంచివి, 300 డాలర్లన్నారు, అంటే 13,800 రూపాయలు, అంటే మా నాన్నగారి రెండు నెలల పింఛనుకు పైమాటే. రెండు కడ్డీలకు అంత డబ్బా అనిపించింది. చిన్నప్పుడు ఒంగోలు నుంచి తిరుపతికి అంబాసిడర్‌లో వెళ్ళినప్పుడు పైన ఇనుప క్యారియర్, దాని మీద రెండు పరుపుచుట్టలు, ఒక ట్రంకుపెట్టె, నీళ్ళ బిందె కూడా కదలకుండా ఉండటం చూసినవాణ్ణి కాబట్టి, ఏ కారు మీదైనా ఏదైనా నిలుస్తుందనే నమ్మకం కూడా ఉండేది. అంబాసిడర్ పైకప్పు అంచున వాననీరు జారిపోవడానికి కాలువలాంటి మడత ఉండేదనీ, క్యారియర్ కొక్కేలు ఆ మడతనే పట్టుకునేవనీ, ఇప్పటి కార్ల పైకప్పు మీద పట్టు దొరకడానికి అలాంటిదేమీ లేదనీ అప్పట్లో నాకు తట్టలేదు.

39 డాలర్లు పెట్టి మీరు చూస్తున్నలాంటిదే కొన్నాను. రెండు పొడవాటి స్పాంజి దిండ్లు, వాటి పట్టీలు తలుపుల్లోంచి కారు లోపలికి వచ్చి, కూర్చున్నవాళ్ళ తలల మీదుగా వెళ్ళి బకిల్‌తో బిగుసుకుంటాయి. వాటి మీద విమానంలో వచ్చిన రెండు పెద్ద సూట్‌కేసులు పెట్టి, నీలం టార్పాలిన్ కప్పి, తాడుతో కట్టి, అమ్మా నాన్నగారూ, నా భార్య, పాపతో బయలుదేరాం. హ్యారిస్‌బర్గ్ దాటేదాకా బాగానే ఉంది. పెన్సిల్వేనియా టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు ఎక్కాక వాన మొదలైంది, ఆ పట్టీల వెంబడే నీళ్ళు లోపలికి ఊరి, వెనక కూర్చున్న నాన్నగారి భుజం మీద చుక్కచుక్కగా పడసాగాయి. ఆయన ఏమీ అనలేదు, చేతిరుమాలు మడిచి అక్కడ అడ్డం పెట్టుకున్నారు. టస్కరోరా సొరంగంలోకి వెళ్ళగానే టార్పాలిన్ కొట్టుకుంటున్న చప్పుడు నాలుగింతలై పాప గుక్కపట్టి ఏడ్చింది. సైడ్‌లింగ్ హిల్ సర్వీస్ ప్లాజాలో ఆపి చూస్తే ముందు దిండు జానెడు వెనక్కి జరిగి ఉంది, ఒక సూట్‌కేసు మూల నేరుగా పైకప్పు రేకుకు ఆనుతోంది. మిగతా దారంతా ఒక సూట్‌కేసు అమ్మ కాళ్ళ కిందా, ఇంకొకటి నా భార్య ఒళ్ళోనూ ప్రయాణం చేశాయి.

ఇంటికొచ్చి దిండ్లు తీస్తే రెండు సొట్టలు, వాటి చుట్టూ రంగు లేచిపోయి రేకు కనిపిస్తున్న గీతలు. చలికాలంలో ఇక్కడి రోడ్ల మీద చల్లే ఉప్పుకు ఆ రేకు తుప్పు పట్టిపోతుందని భయపడి బాడీ షాప్‌కు తీసుకెళితే 640 డాలర్లయింది. క్యారియర్ 39తో కలిపి 679, మన రూపాయల్లో 31,234. 13,800 ఖర్చు పెట్టడానికి మనసొప్పని నేను పెట్టిన ఖర్చు అది. ఆ అంకె నాకు ఇప్పటికీ నోటికి వస్తుంది.

ఇక మీ కారు సంగతి. ఒకసారి పార్కింగ్‌లోకి వెళ్ళి పైకప్పును తీరిగ్గా చూడండి. కొన్ని బండ్లకు ముందు నుంచి వెనక్కి రెండు పక్కలా కడ్డీలు ఉంటాయి, వాటిని సైడ్ రెయిల్స్ అంటారు. రెయిల్‌కూ కప్పుకూ మధ్య వేళ్ళు దూరే ఖాళీ ఉంటే అడ్డంగా క్రాస్ బార్లు బిగించడం చాలా సులువు, రెయిల్ కప్పుకు అంటుకుపోయి ఉంటే దానికి వేరే రకం కాళ్ళు కావాలి. కొన్నింటికి చిన్న మూతల కింద మరలు బిగించే రంధ్రాలు ఉంటాయి. ఏమీ లేని నున్నటి కప్పయితే, చాలా సెడాన్ల మాదిరి, తలుపు తెరిచినప్పుడు కనిపించే చట్రం అంచును పట్టుకునే బిగింపులు వాడాలి. తూలె, యాకిమా వంటి కంపెనీల సైట్లలో కారు పేరు, మోడల్ సంవత్సరం, తలుపుల సంఖ్య ఇస్తే ఏది సరిపోతుందో చూపిస్తాయి. సంవత్సరం కచ్చితంగా ఇవ్వండి, పేరు అదే ఉన్నా మోడల్ మారిన ఏడాది పైకప్పు వంపు మారిపోతుంది.

కొత్తవాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పని విషయం ఒకటుంది. క్యారియర్ అంటే ఒక వస్తువు కాదు, మూడు: కడ్డీలు, వాటిని నిలబెట్టే నాలుగు కాళ్ళు, ఆ కాళ్ళు మీ కారు చట్రానికి అతికేలా చేసే ఫిట్ కిట్. మొదటి రెండూ ఏళ్ళ తరబడి మన్నుతాయి, కారు మారినా చాలాసార్లు పనికొస్తాయి. మూడోది మాత్రం కారును బట్టి మారుతుంది. ఈ సంగతి తెలియకే 2008లో పాత సామాను అమ్మేవాళ్ళ దగ్గర 110 డాలర్లకు మొత్తం సెట్టు కొని, ఆదివారమంతా కుస్తీ పట్టాను. బిగింపు పెదవి నా చట్రం మీద పూర్తిగా కూర్చోలేదు, చేత్తో లాగితే కిర్రుమని కదిలింది. అప్పుడు 90 డాలర్లు పెట్టి నా కారు కిట్ ఒక్కటీ కొత్తది తెప్పించాను. మొత్తం 200 అయింది, కొత్త సెట్టు అప్పుడు 400 దాటింది. ఆ కాళ్ళూ కడ్డీలూ ఆ తర్వాత ఇంకో కారుకు కూడా వాడాను, కిట్ మాత్రమే మార్చాను. మీకూ ఇదే చెబుతున్నాను: కడ్డీలు, కాళ్ళు పాతవి కొనండి, కిట్ కొత్తది కొనండి. కొనే ముందు కాళ్ళ అడుగున రబ్బరు పగలలేదని, తాళంచెవి ఉందని చూసుకోండి. తాళంచెవి లేని సెట్టు ఎంత చవకైనా వద్దు.

బరువు విషయంలో మనవాళ్ళు చేసే లెక్క తప్పు. పైకప్పు మోయగల బరువు కారు మాన్యువల్‌లో ఉంటుంది, కడ్డీల కంపెనీ ఇచ్చే పరిమితి వేరు, రెంటిలో ఏది తక్కువో అదే మీ పరిమితి. ఆ పరిమితిలోనే కడ్డీల బరువు, వాటి మీద బిగించే మూత పెట్టె, అంటే రూఫ్ బాక్స్ బరువు కూడా కలుస్తాయి. 165 పౌండ్లు, అంటే 75 కిలోలు మోసే బండి అనుకుందాం. కడ్డీలు 12 పౌండ్లు, రూఫ్ బాక్స్ 45 పౌండ్లు తీసేస్తే 108 మిగులుతాయి, 50 పౌండ్ల విమానం సూట్‌కేసులు రెండు పెడితే అయిపోయింది. పరిమితి 100 పౌండ్లే ఉన్న సెడాన్ అయితే మిగిలేది 43, అంటే నిండు సూట్‌కేసు ఒక్కటి కూడా పట్టదు. అందుకని బియ్యం, పచ్చళ్ళు, కుక్కరు, నీళ్ళ సీసాలు డిక్కీలో అడుగున పెట్టండి. పాప డైపర్లు, స్ట్రోలర్, దుప్పట్లు, స్వెట్టర్లు పైన పెట్టండి. పైన బరువు పెరిగేకొద్దీ మలుపుల్లోనూ ఎదురుగాలిలోనూ కారు ఊగడం మీకే తెలుస్తుంది, అలెఘేనీ కొండల్లో పక్కగాలి కొట్టినప్పుడు స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకోవలసి వస్తుంది.

బిగించడం షాపువాళ్ళకు ఇవ్వనక్కర్లేదు, దానికి పెట్టే డబ్బుతో మీ ఫిట్ కిట్‌లో సగం వస్తుంది. నేను మూడు కార్లకు నా చేతులతో బిగించుకున్నాను, ఇంజనీరింగ్ చదివిన మీకు గంట పని. ముందు పైకప్పునూ, తలుపు తెరిచి చట్రం అంచునూ సబ్బునీళ్ళతో కడిగి పొడిగా తుడవండి. తుడిచాక కూడా అంచు వెంట వేలు పెట్టి మెల్లగా జరపండి, ఒక్క ఇసుక రేణువు తగిలినా మళ్ళీ తుడవండి. రబ్బరు కింద చిక్కిన ఆ రేణువే వెయ్యి మైళ్ళ కుదుపులో రంగు మీద అర్ధచంద్రాకారంలో గీత గీస్తుంది. తర్వాత ముందు అద్దం పై అంచు నుంచి మొదటి కడ్డీ ఎంత దూరంలో ఉండాలో, రెండు కడ్డీల మధ్య ఎంత ఎడం ఉండాలో కిట్‌తో వచ్చే కాగితంలో ఉంటుంది, ఆ కొలతల దగ్గర నీలం రంగు పెయింటర్ టేపు ముక్కలు అంటించుకోండి. కంటికి సరిపోయిందని వదిలేయకండి, టేపు పెట్టి కొలవండి. కడ్డీ ఎత్తి పెట్టాక ఒక పక్క పూర్తిగా బిగించి రెండో పక్కకు వెళ్ళకూడదు, అలా చేస్తే కడ్డీ ఒక వైపుకు లాగేసుకుంటుంది. ఎడమ నాలుగు తిప్పులు, కుడి నాలుగు తిప్పులు, ఇలా మార్చి మార్చి బిగిస్తూ పోతే, మంచి సెట్లతో వచ్చే బిగింపు రెంచ్ సరైన బిగువు రాగానే టక్‌మంటుంది. అక్కడ ఆపేయండి. బలం ఉంది కదా అని ఇంకా తిప్పితే చట్రం రేకు వంగుతుంది.

తరువాత కడ్డీని రెండు చేతులతో పట్టి ఊపండి. కారు మొత్తం ఊగాలి, కడ్డీ మాత్రం కదలకూడదు. నాలుగు తలుపులూ వేసి తీసి చూడండి, ఎప్పుడూ వచ్చే చప్పుడే రావాలి. ప్రయాణానికి వారం ముందే బిగించి, ముప్ఫై మైళ్ళు తిరిగొచ్చాక మరోసారి ఆ రెంచ్‌తో చూసుకోండి, అరతిప్పు పట్టకుండా ఎప్పుడూ ఉండదు. సామాను కట్టడానికి తాళ్ళు వద్దు, లాగితే బిగిసే మామూలు బకిల్ పట్టీలు చాలు. లారీవాళ్ళు వాడే, మీటతో బిగించే రాచెట్ పట్టీలతో కడ్డీలు వంచేసినవాళ్ళను చూశాను. గాలికి పట్టీ గుయ్యిమని మోగుతుంటే దాన్ని ఒకసారి మెలిపెట్టి కట్టండి, ఆగిపోతుంది. సన్‌రూఫ్ ఉంటే క్యారియర్ ఉన్నన్నాళ్ళు దాన్ని తెరవకండి, ఆటోమేటిక్ కార్ వాష్‌లోకీ తీసుకెళ్ళకండి.

రూఫ్ బాక్స్ మాత్రం కొనకండి. కడ్డీలు మీ కారుకే కొలిచి కొనాలి గానీ, బాక్స్ దాదాపు ఏ కడ్డీలకైనా బిగుస్తుంది, అందుకే అది అరువు తెచ్చుకోదగ్గ వస్తువు. మా వీధిలో నాలుగు తెలుగు కుటుంబాలం కలిసి ఒకటి కొన్నాం, వేసవి సెలవులు మొదలయ్యే ముందే ఎవరు ఏ వారం తీసుకోవాలో అనుకుంటాం. నెలకోసారైనా బాక్స్ పనిబడే కుటుంబమైతే వేరే మాట, మీకు ఏడాదికి రెండు ప్రయాణాలు మించవు.

తిరిగి రాగానే విప్పేయండి. ఈ మాట అందరూ వింటారు, ఎవరూ చేయరు. పెద్ద రూఫ్ బాక్స్ ఉన్న కారు 65 నుంచి 75 మైళ్ళ వేగంలో 10 నుంచి 25 శాతం మైలేజీ పోగొట్టుకుంటుందని ఇక్కడి ప్రభుత్వ ఇంధన శాఖ లెక్క. మీ ప్రయాణం మొత్తం వెయ్యి మైళ్ళు అనుకోండి. గ్యాలనుకు 32 మైళ్ళిచ్చే కారు 20 శాతం తగ్గితే దాదాపు 8 గ్యాలన్లు ఎక్కువ తాగుతుంది, గ్యాలను 3.25 డాలర్లనుకుంటే పాతిక డాలర్లు. అది సరే, ప్రయాణానికి అయిన ఖర్చు. కానీ మా పక్కింటాయన తన సొంత బాక్స్‌ను ఏడాది పొడుగునా తీయకుండా రోజుకు 60 మైళ్ళు ఆఫీసుకు తిరిగారు. 10 శాతమే తగ్గిందనుకున్నా ఏడాదికి 170 డాలర్ల పైమాటే, ఖాళీ పెట్టెను ఊరేగించినందుకు. బరువు తక్కువైనా గాలి అదే కదా. కారు వెనక కొక్కెం ఉండి, దానికి తగిలించే ట్రే వాడితే ఇదే వేగంలో నష్టం 1 నుంచి 5 శాతమే, కానీ కొక్కెం బిగించే ఖర్చు మీకు ఇప్పుడు అనవసరం.

ఎత్తు సంగతి కూడా గుర్తుంచుకోండి. మీ సెడాన్ బాక్స్‌తో కలిపి దాదాపు ఆరున్నర అడుగులు అవుతుంది, న్యూయార్క్‌లో కొన్ని పార్కింగ్‌లకు అదే హద్దు. 2014లో మినీవ్యాన్ మీద బాక్స్‌తో రాత్రి పదకొండింటికి ఇల్లు చేరి, పిల్లలు వెనక నిద్రపోతుంటే గరాజ్ తలుపు మీట నొక్కి నేరుగా లోపలికి పోనిచ్చాను. తలుపు ఎత్తు 7 అడుగులు, నా బండి 7 అడుగుల 8 అంగుళాలు. బాక్స్ మూత విరిగింది, తలుపు పైపలక వంగింది, 850 డాలర్లు. ఇన్సూరెన్స్ డిడక్టబుల్, అంటే ముందు మనమే భరించాల్సిన మొత్తం, 1,000 కాబట్టి పైసా రాలేదు. అప్పటి నుంచి బాక్స్ ఎక్కించిన రోజే ఎత్తును అంగుళాలతో సహా కాగితం మీద రాసి స్టీరింగ్ వెనక అంటిస్తాను. సామాను జారిపడితే జరిమానా ఎంత, వెనక ఎంత పొడవు బయటికి ఉండవచ్చు అనే నిబంధనలు రాష్ట్రానికొకటి, మోటారు వాహనాల శాఖ సైటులో పది నిమిషాల్లో చూసుకోవచ్చు.

మీ కిట్ ఏ దుకాణంలోనూ సిద్ధంగా ఉండకపోవచ్చు, తెప్పించడానికి ఒక్కోసారి రెండు మూడు వారాలు పడుతుంది. అమ్మగారి టిక్కెట్టు తేదీ ఖాయమైన రోజే ఆర్డరు పెట్టండి. నా పాత కాళ్ళూ కడ్డీలూ మా గరాజ్‌లో గోడకు ఆనించే ఉన్నాయి, కారు మోడల్ సంవత్సరం రాస్తే వాటికి మీ కారు కిట్ దొరుకుతుందో లేదో చూసి చెబుతాను. దొరికితే మీరు కొనవలసింది కిట్ ఒక్కటే.