అద్దె సాయం మంజూరైనా ఇల్లెందుకు దొరకడం లేదు?

ప్రశ్న: తక్కువ ఆదాయమున్న కుటుంబాల చేత అద్దె సాయానికి దరఖాస్తులు పెట్టించే పనిలో ఉన్నాను. ఏళ్ల తరబడి ఎదురుచూసి మంజూరు పత్రం అందుకున్న తర్వాత కూడా కొందరికి ఇల్లు దొరకక, గడువు దాటి, ఆ సాయం రద్దవుతోంది. నిధులు పెంచితే ఈ చిక్కు తీరుతుందా? – ఒక పాఠకురాలు

సమాధానం: నిధుల కొరత ఉన్నమాట నిజమే. అమెరికాలో 1974 నాటి చట్టంతో మొదలైన అద్దె సాయమే నేటి హౌసింగ్ చాయిస్ వోచర్ పథకం. కుటుంబం తన ఆదాయంలో సుమారు 30 శాతం అద్దెగా చెల్లిస్తే, నిర్ణీత పరిమితికి లోబడి మిగతాది పథకం భరిస్తుంది. అయితే అర్హత ఉన్న ప్రతి నాలుగు కుటుంబాల్లో ఇంచుమించు ఒక్కదానికే అక్కడ ప్రభుత్వ అద్దె సాయం ఏదో ఒక రూపంలో అందుతోంది. కానీ మీరు అడిగినది ఆ ఒక్క కుటుంబం గురించి. అక్కడ వోచరు, అంటే సాయం మంజూరు పత్రం, వచ్చినవారిలోనూ పదింట దాదాపు నాలుగు కుటుంబాలు దానిని వాడుకోలేకపోతున్నాయి. ఇల్లు వెతుక్కోవడానికి కనీసం 60 రోజులు ఇవ్వాలని నిబంధన చెబుతున్నా, కూలి పని మానుకుని, పిల్లలను వెంటబెట్టుకుని ఇళ్లు చూసేవారికి ఆ 60 రోజులూ ఇట్టే గడిచిపోతాయి.

వెతికిన చోటల్లా ఎదురయ్యే తిరస్కారం మరొక అడ్డంకి. 2018లో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే అమెరికా సంస్థ పరిశోధకులు అక్కడి అయిదు ప్రాంతాల్లో ఇంటి యజమానులకు ఫోన్లు చేసి, వోచరు ఉన్నవారికి ఇల్లు ఇస్తారా అని అడిగారు. ఫోర్ట్‌వర్త్‌లో 78 శాతం, లాస్ ఏంజెలిస్‌లో 76 శాతం మంది ఇవ్వమన్నారు. దేశ రాజధాని వాషింగ్టన్ నగరంలో అలా అన్నవారు 15 శాతమే. వోచరు ఉందన్న కారణంతో తిరస్కరించడాన్ని వాషింగ్టన్‌లో చట్టం నిషేధించింది కాబట్టి అదే మందు అనిపించవచ్చు గానీ, అలాంటి చట్టమే ఉన్న ఫిలడెల్ఫియాలో తిరస్కరణ 67 శాతం దాకా ఉంది. ఫిర్యాదు చేసినవారికి త్వరగా న్యాయం జరిగే ఏర్పాటు లేని చోట ఏ నిషేధమైనా కాగితం మీదే ఉండిపోతుందని నేననుకుంటాను.

డబ్బుతో పాటు మనుషుల తోడు ఇస్తే ఏం జరుగుతుందో సియాటిల్ ప్రాంతంలో ఆర్థికవేత్త రాజ్ చెట్టి తదితరులు చేసిన ప్రయోగం చూపించింది. ఇల్లు వెతకడంలో సాయపడే సలహాదారు, యజమానితో మాట్లాడిపెట్టే వ్యక్తి, అడ్వాన్సు వంటి తొలి ఖర్చులకు కొంత సొమ్ము – వోచరుతో పాటు ఇవి కూడా ఇచ్చినప్పుడు, పిల్లల భవిష్యత్తుకు మెరుగైన అవకాశాలున్న పేటలకు మారిన కుటుంబాలు 15 శాతం నుంచి 53 శాతానికి పెరిగాయి. వోచరు విలువను మాత్రం పైసా కూడా పెంచలేదు.

కాబట్టి అదనపు నిధులు వచ్చినప్పుడు అందులో కొంత భాగాన్ని ఈ తోడ్పాటుకూ, ముఖ్యంగా అడ్వాన్సుకూ కేటాయించాలని అడగండి. నెల నెలా అద్దె కట్టగలిగినా, ఒక్కసారిగా పెద్ద మొత్తం చూపలేక ఆగిపోయే కుటుంబాలను మీరు నాకంటే ఎక్కువగా చూసి ఉంటారు. మీ కార్యాలయాలు ఏడాది చివర ప్రకటించే లెక్కల్లో మంజూరైన దరఖాస్తుల పక్కనే, తాళంచెవి చేతికందిన కుటుంబాల సంఖ్య కూడా ఉండాలని పట్టుబట్టండి. ఆ రెంటి మధ్య తేడా ఎంతో తెలియనిదే ఎవరినీ నిలదీయలేం.

ప్రశ్న: నాకు అద్దెకిచ్చే ఇళ్లు రెండున్నాయి. సాయం పొందే కుటుంబాలంటే నాకు చులకన భావమేమీ లేదు. కానీ ఇల్లు నివాసానికి తగినట్టు ఉందో లేదో చూసే అధికారుల తనిఖీ పూర్తయ్యేదాకా ఇల్లు ఖాళీగా ఉంచాలి, రావలసిన అద్దె ఆలస్యమవుతుంది. మమ్మల్నే తప్పుపట్టడం సబబా? – ఒక పాఠకుడు

సమాధానం: మీ ఇబ్బంది సహేతుకమైనదే, దానికి మార్గాలూ ఉన్నాయి. ప్రాణాపాయం లేని చిన్న లోపాలు బయటపడినప్పుడు, 30 రోజుల్లో సరిచేయాలన్న షరతుతో అద్దె ఒప్పందాన్ని ఆమోదించి చెల్లింపులు మొదలుపెట్టేందుకు అమెరికా చట్టం స్థానిక గృహ సంస్థలకు వీలు కల్పించింది. సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలోనైతే, సాయం పొందే కుటుంబం వల్ల ఇంటికి నష్టం జరిగితే పరిమితికి లోబడి యజమానికి పరిహారమిచ్చే నిధి 2018 నుంచి ఉంది. మీ ప్రాంతంలో అటువంటివి లేకపోతే వాటి కోసం యజమానుల తరఫున మీరే గొంతెత్తవచ్చు. అయితే కార్యాలయం ఆలస్యం చేసిందని కుటుంబాన్ని తిరస్కరించడం మాత్రం, నిజం చెప్పాలంటే, ఒకరి మీది కోపాన్ని మరొకరి మీద చూపడమే.

ప్రశ్న: ప్రభుత్వం అద్దె కడుతుందని తెలిస్తే యజమానులు అద్దెలు పెంచేయరా? – మరో పాఠకుడు

సమాధానం: కొత్త ఇళ్లు పెరగని చోట ఆ ప్రమాదం ఉంది. ఫ్రాన్స్‌లో 1990ల తొలినాళ్లలో సాయాన్ని విస్తరించినప్పుడు, అదనంగా ఇచ్చిన సొమ్ములో నాలుగింట మూడు వంతులకు పైగా అద్దెల పెంపులోనే కలిసిపోయిందని ఒక అధ్యయనం లెక్కగట్టింది. అలాగని సాయాన్ని కదలకుండా కట్టేస్తే మరో అనర్థం. బ్రిటన్‌లో అద్దె సాయపు గరిష్ఠ పరిమితిని 2020 నుంచి 2024 దాకా పెంచకుండా ఉంచడంతో, అద్దెలు పెరిగిన కొద్దీ ఆ తేడాను కుటుంబాలే తమ ఇతర అవసరాలు తగ్గించుకుని భరించవలసివచ్చింది. సాయం స్థానిక అద్దెలను బట్టి ఏటేటా మారుతూ ఉండాలి, దానితో పాటు అద్దె ఇళ్ల నిర్మాణమూ సాగాలి. రెండవది నెమ్మదిగా జరిగే పని కాబట్టి, మొదటిదాన్ని అంతవరకు ఆపమనడం నాకు సమ్మతం కాదు.