ఆర్వియాట్ వెళ్లే అమ్మాయికి, ఓడ సామాను గురించి

అమ్మలూ,

కెనడా ఉత్తరాన ఉన్న ఆర్వియాట్‌లో నర్సు ఉద్యోగం ఖాయమైందని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. చలి కోట్ల గురించి నీకు అందరూ చెబుతారు. నేను ఏడాది సరుకుల గురించి చెబుతాను, టెన్షన్ అంతా అక్కడే.

ఆర్వియాట్‌కి రోడ్డూ లేదు, రైలూ లేదు. విమానంలో అన్నీ తెప్పించుకుంటే జీతం కిరాయికే పోతుంది. బరువైనవి ఓడలోనే రావాలి. దక్షిణాన ఉన్న విన్నిపెగ్ నగరంలో కొన్నవి రైల్లో సుమారు 1,700 కిలోమీటర్లు వెళ్లి, హడ్సన్ బే అనే అఖాతం ఒడ్డున చర్చిల్ రేవులో ఓడెక్కుతాయి. 1931లో మొదలైన ఆ రేవుకి కూడా రోడ్డు లేదు. జులైలో మంచు విడిచాక ఓడలు తిరుగుతాయి, శరదృతువు చివర్లో ఆగిపోతాయి. ఆఖరి ఓడ తప్పితే మళ్లీ వచ్చే వేసవే. 2017లో వరదకి పట్టాలు కొట్టుకుపోయి, దాదాపు ఏడాదిన్నర చర్చిల్‌కి రైలే రాలేదు. అందుకే ఆఖరి ఓడని నమ్ముకోవద్దు, మొదటి ఓడకే పంపు. మే నెలకల్లా జాబితా సిద్ధంగా ఉండాలి.

నెలకి ఎంత బియ్యం, ఎంత కందిపప్పు వాడుతున్నావో ఇప్పుడే తూచి చూసుకో. దాన్ని పదమూడుతో హెచ్చించు. ఓడ ఆలస్యమైతే ఆ పదమూడో నెల సరుకే ఆదుకుంటుంది. చింతపండు, ఎండుమిర్చి, ఆవాలు, ఇంగువ అక్కడ దొరుకుతాయనుకోకు.

పెట్టె విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. ఆర్వియాట్‌లో ఓడ ఒడ్డుదాకా రాదు. దూరంగా లంగరేసి సామాను బార్జి అనే బల్లపరుపు పడవలోకి దింపుతారు, సముద్రం పోటు మీద టగ్ అనే చిన్న ఇంజను పడవ దాన్ని ఒడ్డుకి తెస్తుంది. కుదుపులుంటాయి, వానా పడొచ్చు. మందపాటి ప్లైవుడ్ పెట్టె చేయించు, మేకులు కాదు, స్క్రూలు వేయించు. లోపల ప్లాస్టిక్ షీటు పరిచి, ఫోర్క్‌లిఫ్ట్ పట్టేలా అడుగున దుంగలు కొట్టించు. నాలుగు పక్కలా పేరు, ఊరు చెరగని రంగుతో రాయి. నూనె, ఆవకాయ గాజు సీసాల్లో వద్దు. సబ్బులు, సర్ఫు వేరే పెట్టెలో పెట్టు, లేకపోతే బియ్యానికి వాసన పట్టేస్తుంది, ఏడాదంతా అదే తినాలి.

కూరగాయలు విమానంలోనే వస్తాయి, ధర మండిపోతుంది. ఇరుగుపొరుగున ఉండే అక్కడి ఆదివాసులు, ఇన్యూట్ వాళ్లు, కారిబూ జింక మాంసమో, చార్ చేపో పెడితే మొహమాటపడకుండా తీసుకో, నువ్వు వండింది వాళ్లకీ పెట్టు.

ఈ వారంలో జాబితా రాసి నాకు పంపు. మీ పెద్దమ్మ చూసి, పప్పులెంతో సరిచేస్తుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న