సబ్‌వూఫర్ కొత్తదే, కానీ ఒక్క నోటే గుయ్యిమంటోంది

ప్రశ్న: మా బెడ్‌రూమ్ 10 బై 12 అడుగులు, హైట్ కూడా 10. ఈ మధ్యే సబ్‌వూఫర్ కొన్నానండి. వెనక గోడకి ఆనుకుని మంచం మీద కూర్చుంటే బేస్ గిటార్‌లో ఒకట్రెండు నోట్లు చెవులు దిమ్మెక్కేలా మోగుతాయి, అదే గది మధ్యలో కుర్చీ వేసుకుంటే బేసే ఉండదు. ఎవరో చెప్పారని కోడిగుడ్ల అట్టలు గోడంతా అంటించా, ఏం మారలా. పైగా వంటింట్లో స్టీలు గిన్నెలు అదురుతున్నాయని అమ్మ గొడవ. సబ్ మార్చేయాలా?
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: సబ్ జోలికి వెళ్ళకండి, మోగేది మీ గది. చిన్న లెక్క చూడండి, శబ్దం సెకనుకి సుమారు 1125 అడుగులు పోతుంది, దాన్ని గది కొలతకి రెట్టింపుతో భాగిస్తే 10 అడుగులకి 56 హెర్ట్జ్ (అంటే సెకనుకి 56 కంపనాలు), 12 అడుగులకి 47 వస్తుంది, మీ గది తనంతట తాను మోగే స్వరాలివే. బేస్ గిటార్‌లో ‘A’ అనే తీగని ఎక్కడా నొక్కకుండా ఊరికే మీటితే 55, అదీ మీ గుయ్యి! వెడల్పూ ఎత్తూ రెండూ 10 కావడంతో ఆ 56 మీద డబుల్ దెబ్బ పడుతోంది. ఈ శబ్దం ఎదురెదురు గోడల మధ్య కొట్టుకుంటూ గోడల దగ్గర పోగుపడుతుంది, నడిమధ్యలో దాదాపు మాయమవుతుంది, మంచానికీ కుర్చీకీ తేడా అక్కడే.

గుడ్ల అట్టలు ముందు పీకెయ్యండి, నిప్పంటుకుంటే ప్రమాదం కూడా. 56 హెర్ట్జ్ అల పొడవు 20 అడుగులు, దానికి ఈ అట్ట ఉన్నట్టే తెలీదు, ఒక అంగుళం ఫోమ్ అయినా అంతే.

పైసా ఖర్చు లేనిది మొదట చేద్దాం. సబ్‌ని మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ ఎక్కువున్న పాట రిపీట్‌లో వేసి, మీరు నేల మీద గోడల వెంబడి పాకుతూ వినండి (తలుపేసుకోండి, ఇంట్లోవాళ్ళు నవ్వుతారు). నోట్లన్నీ సమానంగా వినబడిన చోటే సబ్‌కి స్థానం. మీ సీటు వెనక గోడ నుంచి నాలుగున్నర అడుగులు ముందుకి జరపండి, అక్కణ్ణుంచి అటూఇటూ సర్దుకోవచ్చు.

ఆ తర్వాత మూలలు, బేస్ ఎక్కువ పోగయ్యేది అక్కడే. రాక్‌వూల్ (రాతి పీచు) స్లాబులు కనీసం 6 అంగుళాల మందాన, గుడ్డ చుట్టి, నేల నుంచి సీలింగ్ దాకా మూలకి అడ్డంగా నిలబెట్టండి, కోసేటప్పుడు మాస్క్ తప్పనిసరి. అయినా 56 లాంటి లోతు శబ్దాన్ని ఇవి కొంతే తగ్గిస్తాయి, మిగిలిన గుయ్యిని ఈక్వలైజర్‌లో (ఒక్కో స్థాయి శబ్దాన్ని విడిగా పెంచే, తగ్గించే సెట్టింగ్) ఆ 56 దగ్గర మాత్రమే కోసెయ్యండి, అంటే తగ్గించండి. కోయడమే సుమా, బేస్ మాయమైన చోట పెంచితే యాంప్లిఫయర్ మీద భారం తప్ప లాభం లేదు.

అమ్మగారి గిన్నెల సంగతి మాత్రం వీటితో తేలదు, ఇవి గది లోపల సౌండ్‌ని సరిచేస్తాయి గానీ గోడ దాటేదాన్ని ఆపవు, రాత్రిపూట వాల్యూమ్ తగ్గించుకోవడమే.