28 వేల క్యాష్మియర్ స్వెటర్ కొనాలా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె. నేను టీచర్‌ని, చేతికి నెలకు 58 వేలు వస్తుంది. మావారు రెండెకరాల కొబ్బరితోట చూసుకుంటారు. దింపు రెండు నెలలకోసారి. అమ్మాయి జనవరి మొదటి వారంలో ఎం.ఎస్.కి టొరంటో వెళ్తోంది, ఎడ్యుకేషన్ లోన్ మంజూరైంది. హైదరాబాద్ మాల్‌లో రెండు క్యాష్మియర్ స్వెటర్లు చూసి వచ్చింది. ఒక్కోటి 28 వేలు. ‘పదేళ్లు వస్తాయి, పెట్టుబడి అనుకోమ్మా’ అంటోంది. ఆ ధర న్యాయమేనా? కార్డు మీద ఈఎంఐ పెట్టనా, లోన్ డబ్బులోంచి కొననా?

జవాబు: రెండు వద్దండి. అమ్మాయి అంతగా ముచ్చటపడుతుంటే ఒకటి కొనండి, కానీ ఈ ధరకు వద్దు. ఈఎంఐ గానీ లోన్ డబ్బు గానీ దీనికి అసలే ముట్టుకోవద్దు.

ముందు ధర సంగతి. క్యాష్మియర్ గొర్రె ఉన్ని కాదు. చలిప్రాంతపు మేకకు పైన ముతక వెంట్రుకల అడుగున చలికాలంలో మొలిచే మెత్తటి నూగు. ఎండలు ముదిరి అది రాలే రోజుల్లో దువ్వి తీస్తారు. కశ్మీర్ పేరు మీద చలామణి అవుతున్నా, ఇవాళ ప్రపంచానికి వచ్చే సరుకులో ఎక్కువ భాగం చైనా, మంగోలియాలదే. మన లద్దాఖ్‌లో చాంగ్‌థాంగ్ మేకల నూగును పష్మీనా అంటాం. ముతక వెంట్రుకలు ఏరేశాక ఒక మేకకు ఏడాదికి మిగిలేది మహా అయితే 100 నుంచి 200 గ్రాములు. ఒక మామూలు స్వెటర్ 250, 300 గ్రాములు తూగుతుంది. అంటే రెండు మూడు మేకల ఏడాది నూగు ఒక స్వెటర్‌కే సరి. మెరినో గొర్రె ఒక్కటే ఏడాదికి నాలుగైదు కిలోల ఉన్ని ఇస్తుంది. కాబట్టి క్యాష్మియర్ ఖరీదుగా ఉండటంలో మోసమేమీ లేదు.

కానీ ఆ 28 వేలూ నూగు ఖరీదు కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 దాటిన దుస్తులకు జీఎస్టీ 18 శాతం. ఒక్కో స్వెటర్‌లో 4,271 రూపాయలు పన్నుకే పోతుంది. మిగతాదాంట్లో మాల్ అద్దె, ప్రకటనలు, బ్రాండ్ పేరు చాలా భాగం తినేస్తాయి. నా లెక్కలో సాదా గుండ్రటి మెడ స్వెటర్‌కు 12 వేల దాకా పెట్టడం సబబు. ఆ పైన పెట్టేదంతా చాలావరకు పేరుకే.

ఎక్కువ ధర పెడితే ఎక్కువ కాలం వస్తుందన్న నమ్మకం కూడా ఇక్కడ సరిగా పనిచేయదు. మన్నికను తేల్చేది పోగు పొడవు. పొట్టి పోగులతో అల్లిన స్వెటర్ కొత్తలోనే చంకల దగ్గర, బ్యాగు రాసుకునే చోట ఉండలు కడుతుంది. చిక్కేమిటంటే, షాపులో చేతికి అతి మెత్తగా తగిలేది చాలాసార్లు అదే. పొట్టి పోగుల్ని బాగా ఉతికి, మెత్తదనం తెచ్చే రసాయనం పట్టిస్తే పైన నూగు లేచి వెన్నలా ఉంటుంది. పొడుగు పోగుల సరుకు మొదట కాస్త బిరుసుగా ఉండి, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది.

అందుకని షాపులో ఇలా చూడమనండి. స్వెటర్ ముందుభాగాన్ని అరచేత్తో ఇరవైసార్లు గట్టిగా రుద్దాలి. అప్పుడే సన్నటి నూగు ఉండలుగా చేతికి వస్తే వదిలేయాలి. నడుము పట్టీని అడ్డంగా లాగి వదిలితే వెంటనే వెనక్కి రావాలి. వదులుగా వేలాడితే అల్లిక పలచన. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే జల్లెడలా కనిపించకూడదు. పోగు రెండు పేటలు మెలేసిందేనా అని అడగాలి. ఒంటిపేట అల్లిక మోచేతుల దగ్గర తొందరగా చిల్లులు పడుతుంది. లోపలి కుట్టులో ఉండే లేబుల్ మీద ‘100 శాతం క్యాష్మియర్’ అని ఉండాలి. ‘క్యాష్మియర్ ఫీల్’, ‘క్యాష్మియర్ టచ్’ అంటే అందులో క్యాష్మియర్ ఉందని కాదు. క్యాష్మిలాన్ అయితే అచ్చంగా యాక్రిలిక్ అనే కృత్రిమ పోగు. ఒక పోగు కాల్చి చూస్తే యాక్రిలిక్ గట్టి పూసలా కరుగుతుంది, జంతువు వెంట్రుక జుట్టు కాలిన వాసనతో బూడిద అవుతుంది. కానీ గొర్రె ఉన్నీ అలాగే కాలుతుంది కాబట్టి క్యాష్మియర్ అని తేల్చడానికి అది చాలదు. ఉంగరంలోంచి దూర్చి చూపించే పరీక్షకూ అంతకు మించిన విలువ లేదు.

ఇక ‘పెట్టుబడి’ అన్న మాట. రేపు అవసరం పడితే మీ మెడలో గొలుసు కుదువ పెట్టినా డబ్బు పుడుతుంది. ఒకసారి తొడిగిన స్వెటర్‌కు పావు వంతు ధర రావడం కూడా కష్టం. కనుక తొడిగిన పూటకు ఎంత పడిందన్నదే చూడాలి. టొరంటోలో నవంబరు నుంచి మార్చి దాకా ఇరవై వారాలు అనుకుందాం. వారానికి రెండుసార్లు తొడిగితే ఏడాదికి 40 పూటలు. జాగ్రత్తగా వాడి ఐదేళ్లు తెస్తే 200 పూటలు, పూటకు 140 రూపాయలు. 6 వేల మెరినో స్వెటర్‌ను నాలుగేళ్లు వాడితే 160 పూటలు, పూటకు 37 రూపాయల 50 పైసలు. అదే బరువుకు క్యాష్మియర్ కొంచెం వెచ్చగానే ఉంటుంది, కాదనను. దాదాపు నాలుగింతల ఖర్చుకు నాలుగింతల వెచ్చదనం మాత్రం రాదు. అమ్మాయి చెప్పిన పదేళ్లు రావాలంటే రెండు పూటల మధ్య ఒక రోజు విశ్రాంతి, చేతి ఉతుకు, పురుగు తగలకుండా దాచడం అన్నీ కుదరాలి. చదువుకుంటూ పార్ట్‌టైం పని చేసే పిల్లకు అంత తీరిక దొరకదు.

పైగా టొరంటో జనవరి చలికి స్వెటర్ ఒక్కటే చాలదు. ఎంత ఖరీదైన అల్లికలోంచైనా గాలి దూరుతుంది. ఒంటిని అంటుకుని ఉండే వెచ్చటి లోబట్ట థర్మల్, దాని మీద స్వెటర్, ఆ పైన గాలీ మంచూ ఆపే జాకెట్. ఈ మూడింటిలో లోటు చేయకూడనిది జాకెట్. దాన్ని ఇక్కడ కొనకండి. ధనుర్మాసం తెల్లవారుజామున కూడా 18 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉండే మన సీమలో దాన్ని తొడిగి సరిచూసుకోవడం కుదరదు. అక్కడ క్రిస్మస్ దాటాక చలిబట్టల ధరలు తగ్గిస్తారు, అమ్మాయి సరిగ్గా అప్పుడే దిగుతుంది. చూపించే ధర మీద 13 శాతం పన్ను పడుతుందని గుర్తుంచుకోమనండి. నా అంచనా ఇది: ఇక్కడే రెండు జతల థర్మల్స్ 3 వేలు, ఒక మెరినో స్వెటర్ 6 వేలు, టోపీ, చేతి తొడుగులు, ఉన్ని సాక్సులు 2,500. అక్కడ జాకెట్‌కు 15 వేలు, మంచు బూట్లకు 7 వేలు. మొత్తం 33,500. రెండు స్వెటర్లకు మీరు పెట్టబోయే 56 వేలకంటే 22,500 తక్కువ, పైగా తలనుంచి కాలిదాకా సరిపోతుంది.

డబ్బు ఎక్కడిదన్నది నాకు ధరకంటే ముఖ్యం. 28 వేలను 15 శాతం వడ్డీతో 12 నెలల ఈఎంఐగా మారిస్తే నెలకు 2,527. వడ్డీ 2,327, ఆ వడ్డీ మీద జీఎస్టీ 419, ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే దాని జీఎస్టీతో కలిపి 235. స్వెటర్ 30,981 అవుతుంది, రెండైతే దాదాపు 62 వేలు. ‘నో కాస్ట్’ అని రాసి ఉన్నా వడ్డీ ఎక్కడికీ పోదు. రొక్కానికి ఇచ్చే తగ్గింపును మీకు ఇవ్వకుండా అందులో సర్దుతారు, జీఎస్టీ, ఫీజు మీవే. కార్డు బిల్లులో కనీస మొత్తం మాత్రమే కడితే ఇంకా ఘోరం. నెలకు మూడున్నర శాతం చొప్పున 56 వేల మీద మొదటి నెలే 1,960 వడ్డీ, దాని మీద 353 జీఎస్టీ.

లోన్ డబ్బు చౌక అనిపిస్తుంది కానీ ఇలాంటి కొనుగోలుకు అదే ఎక్కువ బరువు. రెండేళ్ల చదువు, ఆపై ఈఎంఐ మొదలవకుండా ఇచ్చే ఏడాది గడువు కలిపి మూడేళ్లు అనుకోండి. 10.5 శాతం సాధారణ వడ్డీకి 56 వేలు తొలి ఈఎంఐ కట్టేనాటికి 73,640 అవుతాయి. అప్పటికి ఆ స్వెటర్ల మోచేతులు అరిగి ఉంటాయి.

మీకు ఇప్పటి నుంచి జనవరి లోపల రెండు దింపులు ఉన్నాయి. ఒక్కో దింపు డబ్బులోంచి 6 వేలు వేరే ఖాతాలో వేయండి. ఆ 12 వేలతో ఒక క్యాష్మియర్ స్వెటర్, అదీ అక్కడ తగ్గింపులో, అమ్మాయే చూసుకుని కొనుక్కోవచ్చు. కెనడాలో బట్ట లేబుల్ మీద ఏ పోగు ఎంత శాతమో రాయడం చట్టప్రకారం తప్పనిసరి. ఏ దింపుకైనా కాయ రేటు పడిపోతే ఆ 6 వేలు ఆపండి, థర్మల్స్, జాకెట్ మాత్రం ఆపకండి.

కొన్నాక జాగ్రత్తలు కొన్ని. నాలుగైదు పూటలకోసారి చల్లటి నీళ్లలో కాస్త బేబీ షాంపూతో పది నిమిషాలు నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి అదిమి, పరిచి ఆరబెట్టాలి. హ్యాంగర్‌కు తగిలిస్తే భుజాలు సాగిపోతాయి. సెలవులకు తెచ్చి మీ బీరువాలో వదిలేసే పక్షంలో ఉతకకుండా లోపల పెట్టకండి. చెమట, కూర మరక ఉన్నచోటే చిమ్మట పిల్లపురుగు ముందు తొలుస్తుంది. మన వానాకాలం తేమకు బూజూ పడుతుంది. పూర్తిగా ఆరాక మూత బిగుతుగా పట్టే డబ్బాలో రెండు సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. కలరా ఉండలు వేస్తే గుడ్డలో మూటగట్టి, బట్టకు తగలకుండా ఓ మూల ఉంచండి. ఆశ్వయుజం ఎండ కాయగానే ఒకసారి తీసి, నీడలో గాలికి ఆరేయండి.