హబ్ మారుస్తున్నారా? ముందు ప్లగ్గులు, ఆ తర్వాతే సెన్సర్లు

స్మార్ట్ లైట్లు, సెన్సర్లను నడిపే పాత హబ్‌లోంచి, జిగ్‌బీ అనే వైర్‌లెస్ పద్ధతిలో మాట్లాడుకునే ఇరవై దాకా పరికరాలను, ఇంట్లోనే సొంతంగా నడుపుకునే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్‌కి మార్చాలి, అన్నీ రీసెట్ చేయాల్సిందేనా, ఒక్క ఆదివారంలో అయిపోతుందా అని అడిగారు. రీసెట్ తప్పదు. జిగ్‌బీ పరికరం ఒకసారికి ఒక్క నెట్‌వర్క్‌లోనే ఉండగలదు. మ్యాటర్ అనే ఇంకో పద్ధతి పరికరాలైతే పాత యాప్‌లోంచే కోడ్ తీసుకుని రెండో చోట కూడా కలుపుకోవచ్చు, జిగ్‌బీలో ఆ వీలు లేదు. ఇక అన్నీ ఒకే రోజు మార్చడం మాత్రం వద్దండీ. నేను అలాగే చేయబోయి చాలా బాధపడ్డాను.

మా ఇంట్లో పదిహేడు ఉండేవి. పొద్దున్నే పాత యాప్‌లోంచి అన్నిటినీ డిలీట్ చేసేశాను. సెన్సర్లు చిన్నవి, త్వరగా అయిపోతాయి కదా అని వాటిని డైనింగ్ టేబుల్ మీద పేర్చుకుని, బటన్ నొక్కి లైటు మినుకుమనేదాకా పట్టుకుని, ఒక్కొక్కటే కొత్త డాంగిల్‌కి (కంప్యూటర్‌కి గుచ్చే చిన్న జిగ్‌బీ రేడియో) జోడించాను. ఒక్కటి కూడా మొండికేయలేదు. బాత్రూమ్ దారిలో ఉండే బల్బునూ కలిపాను. సెన్సర్లను ఎక్కడివక్కడ అంటించి, స్మార్ట్ ప్లగ్గులు రేపు చూద్దాంలే అని పడుకున్నాను.

రాత్రి రెండున్నరకి చప్పుడైతే లేచాను. అమ్మ చీకట్లో గోడ తడుముకుంటూ నిలబడి ఉంది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ నడకే కష్టం. అడుగు పెట్టగానే లైటు వెలుగుతుందని అలవాటు పడింది, ఆ రాత్రి వెలగలేదు. కింద పడలేదు, అదే పదివేలు. కానీ ఆ గోడ మీద ఆవిడ చెయ్యి నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుంది.

కారణం మర్నాడు, ఏది దేనితో కలిసిందో చూపే నెట్‌వర్క్ మ్యాప్ చూస్తే తెలిసింది. టేబుల్ మీద జోడించినప్పుడు ఆ లైటును వెలిగించే సెన్సర్ నేరుగా డాంగిల్‌తోనే జతకట్టింది. తర్వాత రెండు తొమ్మిదంగుళాల గోడల అవతలికి తీసుకెళ్లినా, పక్కనే ఉన్న బల్బును వెతుక్కోకుండా ఆ పాత బంధాన్నే పట్టుకుని వేలాడింది. బ్యాటరీ సెన్సర్లు కొన్ని ఇలాగే ఉంటాయి. వాటిని అవి ఉండాల్సిన చోటే పెట్టి జోడించాలి.

అందుకని ముందు ప్లగ్గులు మార్చండి, అవీ డాంగిల్‌కి దగ్గరున్నవాటితో మొదలుపెట్టి. కరెంటు మీద నడిచేవి ఒకదాని సిగ్నల్ ఇంకోటి అందిస్తాయి, సెన్సర్లు ఆ పని చేయవు. బల్బులు కూడా అందిస్తాయి కానీ వాటిని నమ్ముకోకండి. గదిలోంచి బయటికొస్తే స్విచ్ ఆర్పేయడం మన ఇళ్లలో చిన్నప్పటి నుంచీ నేర్పేదే. స్విచ్ ఆపితే ఆ బల్బు మీద ఆధారపడ్డ సెన్సర్లన్నీ తెగిపోతాయి. ఎప్పుడూ ఆన్‌లో ఉండే ప్లగ్గు గదికొకటి ఉంటే చాలు. అవి కుదురుకున్నాక రోజుకో గది చొప్పున సెన్సర్లు మార్చండి. అంతవరకూ పాత హబ్‌ను అలాగే నడవనివ్వండి, రెండూ పక్కపక్కనే పనిచేస్తాయి.

పాత యాప్‌లో డిలీట్ కొట్టేటప్పుడు బ్యాటరీ పరికరం బటన్ ఒకసారి నొక్కి దాన్ని నిద్రలేపండి. లేకపోతే హబ్ పంపిన మాట దానికి చేరదు, చేత్తో రీసెట్ చేయాల్సి వస్తుంది.

జిగ్‌బీ ఏ ఛానెల్‌లో (రేడియో దారిలో) నడవాలో మొదటి పరికరం కలపకముందే ఖాయం చేసుకోండి, తర్వాత మారిస్తే కొన్నిటిని మళ్లీ జోడించాల్సి రావచ్చు. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్‌లోనే జిగ్‌బీ కూడా తిరుగుతుంది, రెండూ ఒకదానికొకటి అడ్డు రాకుండా చూసుకోవాలి. మా రౌటర్ 1వ ఛానెల్‌లో ఉంది, జిగ్‌బీని 25లో పెట్టాను. డాంగిల్‌ను యూఎస్‌బీ 3 పోర్టులో నేరుగా గుచ్చకండి, ఆ పోర్టు రొద వల్ల సిగ్నల్ దెబ్బతింటుంది. మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొనండి. నాకు సగం టెన్షన్ దాంతోనే తీరింది. హోమ్ అసిస్టెంట్ నడిచే పెట్టెను ఇన్వర్టర్ లైను మీద పెట్టండి.

ఆటోమేషన్లు, అంటే ఏది జరిగితే ఏ లైటు వెలగాలన్న ఏర్పాట్లు, పాత హబ్ నుంచి రావు. డిలీట్ చేసేముందు ఒక్కోదానికీ స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఎన్ని నిమిషాలకి ఆరిపోవాలన్న లెక్కతో సహా.

అమ్మగారో నాన్నగారో ఆధారపడే లైటు మీ ఇంట్లోనూ ఉంటే దాన్ని అన్నిటికన్నా చివర మార్చండి, అదీ పగటిపూట. ఆ రాత్రికి మామూలు బెడ్‌లైటు ఒకటి వేసి ఉంచండి.